చిలకల వంకీ

అనగనగా ఒక రాజ్యం. ఆ రాజ్యానికో రాజు. ఆ రాజుకో కోపం.

రాజ్యం పేరు చిత్రవాడ. రాజు పేరు వసంతభూపాలుడు. కోపానికి పేరంటూ ఏమీ లేదు గానీ, దాన్ని ఎరగనివాళ్ళు మాత్రం ఆ రాజ్యంలో ఎవరూ లేరు. రాజు మంచివాడే. బాటల పక్కన చెట్లు నాటించాడు. పన్నులు తక్కువ వేశాడు. దారిలో పిల్లలు కనిపిస్తే ఏనుగు ఆపి మరీ పలకరించేవాడు. అయితే కోపం ముక్కు మీదే ఉండేది. తుమ్ము వచ్చినంత తేలిగ్గా వచ్చేది. వచ్చిందంటే చాలు, "తరిమేయండి!" అని అరిచేవాడు. అరిచాక ఆ మాట వెనక్కి తీసుకునేవాడు కాదు. తీసుకుంటే రాజుకు పరువేం మిగులుతుందని ఆయన బెంగ.

ఒకసారి పాయసం వడ్డించీ వడ్డించగానే గబుక్కున నోట్లో పోసుకున్నాడు. నాలుక చుర్రుమంది. "ఇంత వేడి పాయసమా! ఆ వంటవాణ్ణి తరిమేయండి!" అన్నాడు. వంటవాడు గుండప్ప గరిటె చంకలో పెట్టుకుని, ఊరి బయట ఉన్న అక్కగారింటికి చక్కా పోయాడు. ఆనాటి నుంచి రాజుగారి విస్తట్లో ఉడికీ ఉడకని పప్పు, మాడిన వేపుడు. కాస్త ఊదుకుని తాగితే పోయేదానికి ఎంత పని చేసుకున్నాడో చూశారా!

రాజుగారుండే ఊళ్ళో మీనా వీధి అని ఒక వీధి ఉండేది. వీధి పొడుగునా వెండి పనివాళ్ళే. వాళ్ళు వెండి మీద పువ్వులూ పిట్టలూ చెక్కేవాళ్ళు. చెక్కిన గుంటల్లో రంగు గాజు పొడిని తడిపి నింపేవాళ్ళు. ఆ తడి ఆరాక కొలిమిలో పెట్టేవాళ్ళు. గాజు కరిగి వెండిని గట్టిగా పట్టుకునేది. అదే మీనా పని. ఇక ఆ రంగు కడిగితే పోదు, రుద్దితే పోదు. అమ్మమ్మ పెట్టుకున్న వంకీని మనవరాలు పెట్టుకున్నా నిన్న చేసినట్టే మెరుస్తుంది.

ఆ వీధిలో పేరిందేవి అనే ఆవిడ ఉండేది. మొగుడు గురవాచారి వెండి మీద చెక్కేవాడు. రంగు నింపి కాల్చే పని ఆవిడది. గురవాచారి ఎంత నెమ్మదో పేరిందేవి అంత మాటకారి. ఆవిడ ఇంట్లో మాట్లాడితే వీధి చివరి వాళ్ళు జవాబు చెప్పేవాళ్ళు. కానీ పని ముందు కూర్చుందంటే ఆ నోరు మూతపడేది. చేతులే మాట్లాడేవి.

ఇలా ఉండగా పొరుగు దేశపు వర్తకుడొకడు రాజకుమార్తె హేమలేఖకు ఒక వెండి కడియం అమ్మాడు. "అచ్చమైన మీనా పని, తల్లీ!" అన్నాడు. అచ్చమూ కాదు, మీనా కూడా కాదు. ఉత్త లక్క రంగు పూసి తెచ్చాడు. హేమలేఖ స్నానం చేసి వచ్చేసరికి ఆ ఆకుపచ్చ రంగు మోచేతి దాకా కారింది. అది రాజు కంటపడింది. వర్తకుడేమో అప్పటికే పొలిమేర దాటాడు. మరి అంత కోపం వచ్చాక ఎవరి మీదో ఒకరి మీద చూపించాలి కదా!

"మీనా అంటే ఇదా? మన ఊళ్ళోనూ ఒక వీధి ఉందిగా! అక్కడి కొలిములన్నీ ఆర్పించండి! వాళ్ళందర్నీ తరిమేయండి!" అని రాజు కేకలేశాడు.

హేమలేఖ తండ్రి చెయ్యి పట్టుకుంది. "నాన్నగారూ, మోసం చేసింది ఎక్కడివాడో, శిక్ష మనవాళ్ళకా? వసంతోత్సవం నాడు నేను నాట్యం చేయబోతున్నాను కదా. ఆ వీధివాళ్ళ చేత నాకొక వెండి వంకీ చేయించండి. నీలాకాశం కింద ఆకుపచ్చ చిలకలు ఎర్రటి దానిమ్మ గింజలు తింటున్నట్టు ఉండాలి. అది బాగుంటే వాళ్ళ జోలికి పోకండి."

"వెండి ఎందుకు తల్లీ? బంగారంతో చేయించుకో."

"బంగారం నా దగ్గర బోలెడుంది నాన్నగారూ. నీలమూ ఆకుపచ్చా వెండి మీదే నీళ్ళలా తళతళలాడతాయి."

రాజుకు కూతురంటే ప్రాణం. కాదనలేకపోయాడు. అలాగని కోపమూ పూర్తిగా దిగలేదు. "సరే. వంకీ బాగుంటే కొలిములు ఉంటాయి. చెడిందో, నా రాజ్యంలో మీనా కొలిమి అన్నది ఒక్కటి కూడా వెలగదు! అదీ నా కళ్ళ ముందే చేయాలి!" అన్నాడు.

ఆ మాట మీనా వీధికి చేరింది. పెద్దలందరూ కూడి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కొలిములు ఆరితే ఇళ్ళలో పొయ్యిలూ ఆరతాయి. తాతల నాటి పని తమతోనే పోతుంది. పోనీ ధైర్యం చేద్దామంటే, ఆ రాజు కళ్ళ ముందు కూర్చుని పని చేయడమా?

"నేను వెళ్తాను," అంది పేరిందేవి.

"ఆయన కోపం సంగతి తెలిసే అంటున్నావా?" అన్నాడు గురవాచారి.

"తెలియకేం? పుట్టిన దగ్గర్నుంచి కొలిమి పక్కనే ఉన్నదాన్ని. వేడికి భయపడితే ఎట్లాగయ్యా? అయినా నేనొక్కదాన్నే వెళ్తానన్నానా? చెక్కేది నువ్వేగా, లే!"

గురవాచారి ఉలులు మూట కట్టుకున్నాడు.

రాజుగారి పెరట్లో కొలిమి వేశారు. ఎదురుగా రాజు సింహాసనం వేయించుకుని కూర్చున్నాడు. పేరిందేవి చేతులు జోడించింది.

"మహారాజా, పని మొదలుపెట్టే ముందు ఒక్క మనవి. కొలిమిలోంచి నగ తీసిన ప్రతిసారీ, అది నా అరచేతిలో పెట్టుకునేటంత చల్లారాలి. చల్లారిందని నేను చెప్పేదాకా మీరు దాని గురించి ఏమీ అనకూడదు. మంచీ అనకూడదు, చెడూ అనకూడదు."

"ఓస్, ఇంతేనా! మాటిచ్చాను," అన్నాడు రాజు. ఆగడమంటే ఏమిటో ఆయన ఎన్నడూ చూసి ఉండలేదు పాపం. అందుకే అంత తేలిగ్గా ఇచ్చేశాడు.

గురవాచారి వెండి రేకు మీద ఉలి పెట్టాడు. హేమలేఖ పెంపుడు చిలకను ఎదురుగా కూర్చోబెట్టుకుని దాన్ని చూస్తూ చెక్కాడు. చిలక ఆ సంగతి కనిపెట్టినట్టుంది, ముక్కు పైకెత్తి మహా దర్జాగా కూర్చుంది. పేరిందేవి రంగు గాజును కల్వంలో మెత్తగా నూరింది. నూరిన పొడిని నీళ్ళు తేటగా వచ్చేదాకా కడిగింది. సూది మొనంత పుల్లతో చెక్కుడు గుంటల్లో నింపింది. ఎక్కువ వేడికి ఓర్చుకునే రంగును ముందు కాల్చాలి, సుకుమారమైన రంగును ఆఖర్న కాల్చాలి. అన్నిట్లోకీ గట్టిది నీలం, సుకుమారమైనది ఎరుపు.

మొదట నీలం కొలిమిలోకి వెళ్ళింది. పేరిందేవి పట్టకారుతో వంకీని బయటికి తీసింది.

నీలం ఏది? నల్లగా బొగ్గులా ఉంది.

రాజు దిగ్గున లేచాడు. కళ్ళు ఎర్రబడ్డాయి. "తరి..." అన్నాడు.

"మహారాజా, మాటిచ్చారు!" అంది పేరిందేవి.

రాజు మిగతా ముక్క మింగేశాడు. కోపం మింగడం అలవాటు లేక పొలమారింది. భటులు నీళ్ళు తెచ్చారు. ఆయన సింహాసనం మీద కూలబడి, చేతులు తొడల కింద పెట్టుకుని, పళ్ళు కొరుకుతూ చూశాడు. చూస్తుండగానే ఆ నలుపులోంచి నీలం కొంచెం కొంచెంగా తేలింది. వాన వెలిశాక ఆకాశం తేరుకున్నట్టు తేరుకుంది. పేరిందేవి వంకీని అరచేతిలో పెట్టుకుని, "చల్లారింది," అంది.

"అరే!" అన్నాడు రాజు. వేడిగా ఉన్నప్పుడు ఏ రంగూ తన రంగులో కనిపించదని ఆయనకు ఆనాడే తెలిసింది.

రెండోసారి ఆకుపచ్చ వంతు. అది కొలిమిలోంచి బురద రంగులో వచ్చింది. ఈసారి రాజు లేవలేదు. కాళ్ళు మాత్రం టపటపా ఆడించాడు. అందరూ నోళ్ళు మూసుకుని కూర్చున్నారు. అంతలో ఖంగున ఒక కేక.

"తరిమేయండి!"

భటులు ఉలిక్కిపడి బల్లేలు ఎత్తారు. మంత్రి రాజు వంక చూశాడు. రాజు మంత్రి వంక చూశాడు. గొంతు రాజుగారిదే, కానీ రాజుగారి నోరు మూసే ఉంది. చిలక మెడ సాగదీసి మళ్ళీ అంది, "తరిమేయండి! తరిమేయండి!"

"దీనికి ఈ మాట ఎవరు నేర్పారు?" అన్నాడు రాజు.

హేమలేఖ తన కాలి అందెలకేసి శ్రద్ధగా చూసుకుంది.

నగ చల్లారేదాకా రాజుకు వేరే పని లేదు. పని లేకపోయేసరికి ఆలోచన వచ్చింది. తన మాట ఇంకొకరి నోట వింటే ఇంత కర్ణకఠోరంగా ఉంటుందా అనుకున్నాడు. కాసేపటికి మెల్లగా అడిగాడు, "ఏమమ్మా పేరిందేవీ, పాయసం చల్లారడానికి ఎంతసేపు పడుతుంది?"

"పళ్ళెంలో పోస్తే ఎంతసేపు మహారాజా, మాటల్లో చల్లారిపోతుంది."

రాజు నిట్టూర్చాడు. "మంత్రీ, గుండప్పను పిలిపించండి."

"మరి తమరు తరిమేయమన్నారు కదా ప్రభూ. మాట వెనక్కి..."

"మాట సంగతి తరువాత చూద్దాం. నాకు ఆకలేస్తోంది."

అందరూ మూతి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు. రాజుకు కూడా నవ్వొచ్చింది. ఈలోగా వంకీ మీద చిలకలు పచ్చగా నిగనిగలాడుతూ కూర్చున్నాయి.

ఇక ఎరుపు ఒక్కటే మిగిలింది. చిలకల ముక్కులు, దానిమ్మ గింజలు. ఆ వార్త ఊరంతా పాకింది. మీనా వీధి వీధంతా తరలి వచ్చింది. పిల్లలు తండ్రుల భుజాలెక్కారు. గుండప్ప గారెలు వండి అందరికీ పంచాడు. ఎవరో డోలు కూడా తెచ్చారు. రాజైతే పేరిందేవిని పొగిడిందే పొగడటం. "ఇంత పనిమంతురాలు మన ఊళ్ళో ఉండి కూడా నాకు తెలియలేదే! ఈమె చేతిలో ఏదో మహిమ ఉంది!" అన్నాడు. పొగుడుతుంటే ఎవరికి చేదు? పేరిందేవి కాళ్ళు నేల మీద ఆనలేదు.

ఎరుపు నింపింది. నింపిన రంగులో తడి పూర్తిగా ఆరేదాకా వంకీ కొలిమి పక్కన ఉండాలి. "ఏదీ, ఏదీ?" అని జనం తొందరపడ్డారు. డోలు మోగింది.

"ఇంకాస్త ఆరనీవే," అన్నాడు గురవాచారి.

"నాకు తెలియదా?" అంది పేరిందేవి. వంకీని కొలిమిలోకి తోసింది.

లోపల సుయ్యిమని చిన్న చప్పుడు. అంత గోలలో అది ఎవరికీ వినిపించలేదు. పేరిందేవికి వినిపించింది. గురవాచారికి వినిపించింది. ఆరని తడి ఆవిరై, ఎర్ర రంగును పొంగించి చిట్లించిన చప్పుడది.

వంకీ బయటికి వచ్చింది. ఎప్పటిలాగే ఎరుపు చోట అంతా నల్లగా ఉంది. జనం అయ్యో అన్నారు. రాజు చెయ్యెత్తి వాళ్ళను వారించాడు. "తొందరపడకండి! ఇప్పుడు నల్లగానే ఉంటుంది. అది వేడి మీది సంగతి. చల్లారాక చూడండి!" అని తానే ఆ పనిలో పుట్టి పెరిగినట్టు మంత్రికి వివరించాడు. ఆయన మొహం చిన్నపిల్లాడి మొహంలా వెలిగిపోతోంది. అది చూసి పేరిందేవికి ఏడుపొచ్చింది.

గురవాచారి ఆవిడ చెవిలో గొణిగాడు. "ఇంకా చల్లారలేదని చెప్పు. అలా చెప్తూనే ఉండు. నువ్వు చల్లారిందనేదాకా ఆయన మంచీ చెడూ ఏమీ అనడు కదా. ఈలోగా మనవాళ్ళందరం సామాన్లు సర్దుకుని ఊరు దాటేద్దాం."

అది నిజమే. చల్లారిందని చెప్పే మాట ఆవిడ చేతిలోనే ఉంది. చెప్పకపోతే రాజు నోరు కట్టేసినట్టే. పేరిందేవి తన వీధివాళ్ళ వంక చూసింది. భుజాల మీద పిల్లలు గారెలు తింటూ నవ్వుతున్నారు. రాజు వంక చూసింది. అంత కోపిష్టి మనిషి, తన ఒక్క మాట నమ్మి నోరు కట్టుకుని కూర్చున్నాడు. ఆ నమ్మకాన్ని అడ్డం పెట్టుకుని దొంగలా పారిపోవడమా? ఆవిడకు మనసొప్పలేదు.

ఆవిడ వంకీని తీసి అరచేతిలో పెట్టుకుంది.

"చల్లారింది మహారాజా," అంది. "ఇక మీరు ఏమైనా అనవచ్చు. ఎరుపు చెడిపోయింది. ముక్కులూ గింజలూ అన్నీ పొక్కిపోయాయి. తడి ఆరకుండానే కొలిమిలో పెట్టాను. మిమ్మల్ని ఆగమన్న నేనే పొగడ్తలకు పొంగిపోయి ఆగలేకపోయాను. తప్పు నాది, మా వీధిది కాదు. కోపం నా మీద చూపించండి, కొలిములను వదిలేయండి."

డోలు ఆగిపోయింది. రాజు సింహాసనం దిగివచ్చి వంకీని చేతిలోకి తీసుకున్నాడు. అటు తిప్పి చూశాడు, ఇటు తిప్పి చూశాడు. ఆ మాట కోసం అందరూ ఎదురుచూశారు. భటులైతే తరమడానికి అడుగు ముందుకు వేసి నిలబడ్డారు. రాజు నోరు తెరిచాడు. తెరిచి, ఏదో పోగొట్టుకున్నవాడిలా దిక్కులు చూశాడు.

"వింతగా ఉందే! ఈ పాటికి నాకు కోపం రావాలి. ఎంత వెతికినా దొరకడం లేదు," అన్నాడు.

మంత్రి మెల్లగా గుర్తుచేశాడు. "ప్రభూ, వంకీ చెడితే కొలిములు ఆర్పించాలని తమరు మాటన్నారు."

"అన్నాను. ఎప్పుడన్నాను? ఒళ్ళు మండిపోతున్నప్పుడు అన్నాను. వేడి మీద నీలం నీలంలా కనిపించలేదు, ఆకుపచ్చ ఆకుపచ్చలా కనిపించలేదు. మరి వేడి మీద నాకు మనుషులు మాత్రం మనుషుల్లా ఎలా కనిపిస్తారు? అప్పుడు నేను చూసింది వీళ్ళను కాదు, నా కోపాన్ని. ఇప్పుడు చల్లగా చూస్తున్నాను. ఆకాశం బాగుంది. చిలకలు బాగున్నాయి. ముక్కుల మీద పొక్కులున్నాయి. చేసిన తల్లి నిజం చెప్పింది. కొలిములు వెలగనివ్వండి."

మీనా వీధి మొత్తం ఒక్కసారి హోరుమంది. గుండప్ప అయితే గరిటె గాలిలోకి విసిరి, మళ్ళీ పట్టుకోలేక నెత్తి మీద కొట్టించుకున్నాడు. గురవాచారి కళ్ళు తుడుచుకుని, "పొగ వల్ల," అన్నాడు.

"దీన్ని బాగుచేయవచ్చా?" అని రాజు అడిగాడు.

"చేయవచ్చు మహారాజా. చెడిన ఎరుపు గీకేసి, మళ్ళీ నింపి, ఆరనిచ్చి కాల్చాలి. కానీ..."

"కానీ ఏమిటి?"

"ఆరేదాకా నన్నెవరూ పొగడకుండా చూడండి."

రాజు పగలబడి నవ్వాడు. మళ్ళీ ఎరుపు నింపారు. ఈసారి పేరిందేవి చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చుంది. ఆవిడ పక్కనే రాజూ అలాగే కూర్చున్నాడు. "ఆరిందా?" అని ఆవిడ అడిగేది. "ఆరలేదు," అనేవాడు గురవాచారి. పెళ్ళయిన ఇన్నేళ్ళకు ఆవిడ తన మాట వినడం అదే మొదలు. అందుకని ఆరిపోయాక కూడా ఆ మాట మరికాసేపు అన్నాడని వీధిలో చెప్పుకునేవారు.

ఆఖరికి ఎరుపు వచ్చింది. అప్పుడే వలిచిన దానిమ్మ గింజల్లా వచ్చింది. వసంతోత్సవం నాడు హేమలేఖ ఆ వంకీ పెట్టుకుని నాట్యం చేసింది. ఆమె చెయ్యి తిప్పినప్పుడల్లా వెండి మీద నీలం, నీలం కింద పచ్చని చిలకలు, చిలకల ముక్కున ఎర్రని గింజలు మెరిశాయి. జనం చప్పట్లు ఆపలేదు.

ఆ తరువాత వసంతభూపాలుడు తన కొలువులో కూడా ఒక చిన్న కొలిమి పెట్టించాడు. ఎవరైనా తగవుతో వస్తే, ముందు కొలిమిలోంచి మీనా వేసిన వెండి బిళ్ళ ఒకటి తీసి వాళ్ళ మధ్య పెట్టేవారు. అది చల్లారి అరచేతిలోకి వచ్చేదాకా ఎవరూ నోరు విప్పకూడదు, రాజుతో సహా. నలుపులోంచి రంగు తేలుతుంటే చూస్తూ కూర్చున్నవాళ్ళలో చాలామంది, ఎందుకొచ్చామో మరిచిపోయి, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని ఇళ్ళకు పోయేవారు. రాజుకు కోపం రావడం మానలేదు. అది వచ్చేది, కాసేపు కూర్చునేది, ఎవరూ పలకరించకపోయేసరికి లేచి వెళ్ళిపోయేది.

అదీ కథ. విన్నారు కదా పిల్లలూ: వెండి మీది రంగైనా, ఎదుటి మనిషి చేసిన పనైనా, వేడి మీద చూస్తే నల్లగానే కనిపిస్తుంది, చల్లారేదాకా ఆగి చూసినవారికే దాని అసలు రంగు తెలుస్తుంది.